సంచికి మేకు చాలు

పెట్టె కొనేటప్పుడు రంగూ, తాళమూ, చక్రాలూ చూస్తాం గానీ ఇంటికొచ్చాక దాన్ని ఎక్కడ పెడతామో ఆలోచించం. మంచం కింద పట్టదు. అటక మీదికి ఎక్కిస్తే దించడానికి ఇంకో మనిషి కావాలి. చివరికి బీరువా నెత్తినెక్కి, ఎప్పుడో వచ్చే ప్రయాణం కోసం మిగతా రోజులన్నీ దుమ్ము పట్టించుకుంటూ కూర్చుంటుంది. సంచితో ఆ తంటా లేదు. విదిలించి, మడిచి, పాత చీరల అడుగున తోసెయ్యొచ్చు. లేదంటే తలుపు వెనక తగిలించొచ్చు. పెట్టెకి ఇల్లుండాలి, సంచికి మేకు చాలు. అందుకే సామాను చూసి మనిషి ఎక్కడికెళ్తున్నాడో చెప్పలేకపోయినా, వెళ్ళినచోట అతనికి ఎంత జాగా ఉందో చెప్పొచ్చని నా నమ్మకం. విశాఖ విమానాశ్రయంలో కూర్చుని జనాన్ని చూస్తూ పెంచుకున్న నమ్మకం ఇది. అక్కడ కూర్చోడానికి నాకు బోలెడంత టైముంటుంది. చోడవరం నుంచి వచ్చేవాళ్ళం రోడ్డుని నమ్మం, గంటల ముందే బయల్దేరిపోతాం.

నేను చెప్పే సంచి మీకందరికీ తెలిసిందే. గుండ్రంగా, పొడుగ్గా ఉంటుంది. పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే జిప్పు, పట్టుకోడానికి రెండు పిడులు, భుజాన వేసుకోడానికి ఒక పట్టీ. లోపల అరలూ గిరలూ ఉండవు. ఇప్పుడు దాన్ని డఫెల్ బ్యాగంటున్నారు. బెల్జియంలో ఆంట్వెర్ప్ దగ్గరున్న డఫెల్ అనే ఊళ్ళో ఒకప్పుడు నేసిన దళసరి ఉన్నిబట్ట వల్ల వచ్చిన పేరది. చోడవరంలోకి ఆ పేరుని తెచ్చింది ఇంజినీరింగు పిల్లలు. అంతకుముందు అది మాకు ఎయిర్‌బ్యాగే. పాన్ యామ్, ఎయిరిండియా లాంటి సంస్థలు ఒకప్పుడు ప్రయాణికులకి తమ బొమ్మ వేసిన భుజం సంచులు ఇచ్చేవి. వాటిని చూసి మన బజార్లలో రెక్సిన్‌తో కుట్టి అమ్మారు. ఇక విమానం మొహం ఎరగనివాళ్ళంతా ఎయిర్‌బ్యాగు భుజాన వేసుకుని ఆర్టీసీ బస్సెక్కారు. కాలేజీ హాస్టలుకి వెళ్ళే కుర్రాడికీ, సంక్రాంతికొచ్చే కొత్తల్లుడికీ, పాలసీ కట్టమని వెంటపడే ఎల్‌ఐసీ ఏజెంటుకీ అదే సంచి. కొన్నిటి మీద విమానం బొమ్మ కూడా ఉండేది. సంచి కన్నా ముందు జిప్పు పోయేది, జిప్పు పోయినా పిన్నీసులతో ఇంకో నాలుగేళ్ళు నడిచేది.

ఆ సంచి నిజంగా విమానం ఎక్కడానికి చాలా కాలం పట్టింది. ఉత్తరాంధ్రకి విమానయాన మంత్రుల కరువేమీ లేదు. 2014 నుంచి 2018 దాకా విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు ఆ శాఖ చూశారు. చిన్న ఊళ్ళకి తక్కువ చార్జీతో విమానాలు నడపాలన్న ఉడాన్ పథకం ఆయన హయాంలోనే వచ్చింది, 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదట ఎగిరిన వాటిలో కడప–హైదరాబాదు విమానం ఒకటి. 2024లో ఆ కుర్చీ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడికి వచ్చింది. అయినా మా వీధిలో జనాన్ని విమానం ఎక్కించింది మాత్రం పథకాలు కావు, బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉద్యోగాలొచ్చిన పిల్లలు. "రైల్లో పడి రాకండి, టికెట్టు చేసేశాను" అని వాట్సాప్‌లో పెడతారు. చార్జీ ఎంతయిందని అడిగితే చెప్పరు. చెప్పకపోవడంతోనే ఎంతయిందో తెలిసిపోతుంది.

చోడవరం నుంచి విమానాశ్రయం సుమారు 40 కిలోమీటర్లు. సబ్బవరం మీదుగా వెళ్ళొచ్చు, అనకాపల్లి వెళ్ళి హైవే ఎక్కొచ్చు. (2022 ఏప్రిల్ నుంచి కాగితాల్లో మాది అనకాపల్లి జిల్లా. నోటికింకా విశాఖ జిల్లా అనే వస్తుంది, సంచికి కట్టిన చీటీ మీద కూడా అదే రాస్తున్నాను.) గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగు నడిచే రోజుల్లో అయితే చెరకు ట్రాక్టర్ల వెనక నిదానంగా పోవడమే, దాటిపోదామంటే దారుండదు. అసలు కష్టం ఆ 40 కిలోమీటర్లు కాదు, ఇంటి గుమ్మం నుంచి ఆటో ఆగేచోటి దాకా ఉన్న వంద అడుగులు. పెట్టెకి చక్రాలు పెట్టాలన్న ఆలోచన అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే ఆయనకి 1970లో వచ్చింది, 1972లో పేటెంటు తీసుకున్నాడు. నిలబెట్టి, పొడుగు పిడి లాగి ఈడ్చుకుపోయే రకాన్ని 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమానం పైలట్ తయారుచేశాడు. ఇద్దరూ విమానాశ్రయాల్లోని నున్నటి నేలని చూసే చేశారు. మా వీధిలో సిమెంటు రోడ్డుంది. కుళాయి గొట్టం కోసం దాన్ని అడ్డంగా తవ్వి మట్టితో పూడ్చిన గాడీ ఉంది, అవతల కాలువ మీద వేసిన నాపరాళ్ళూ ఉన్నాయి. నాలుగు చక్రాల పెట్టె అక్కడిదాకా దర్జాగా వచ్చి గాడిలో ఆగిపోతుంది, ఆ పైన ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని దాన్ని మోస్తారు. సంచికి ఏ నేలైనా ఒకటే. భుజానికి మాత్రం పట్టీ కోసుకుంటుంది, అది ఒప్పుకోవాలి.

బరువు సంగతికొద్దాం. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టు మీద చాలా సంస్థలు అడుగున వేసే సామాను 15 కిలోలే ఒప్పుకుంటాయి. చేతిలో 7 కిలోల సంచి ఒకటి. దానికి పొడవు 55, వెడల్పు 35, మందం 25 సెంటీమీటర్లని కొలత. గట్టి పెట్టె పెద్దది తీసుకుంటే ఖాళీగానే నాలుగైదు కిలోలుంటుంది. అంటే పదిహేనులో మూడోవంతు దాకా పెట్టెకే పోయింది. ఆ బరువుకి కూడా టికెట్టు కొని, దాన్ని తీసుకెళ్ళి తీసుకొస్తున్నాం. బట్ట సంచి కిలో, మహా అయితే కిలోన్నర. మిగిలిన మూడు కిలోలు ఏమిటంటారా? మా ఇంట్లో ఆ మూడు కిలోల కోసమే గొడవ.

మా అమ్మాయి బెంగళూరులో ఉంది. నేను వెళ్తున్నానంటే మా అత్తగారు నాలుగు రోజుల ముందు నుంచే సర్దుడు మొదలుపెడుతుంది. నేను నా చీరలు పెట్టిన సంచి తెరిచి చూసి, "ఇదేటమ్మా, ఇంత సంచిలో ఈపాటి సామానా? సగం కాళీయే!" అంటుంది. పెట్టె అయితే ఆవిడ ఆ మాట అనలేదు. పెట్టెకి ఒక హద్దుంది, మూత పడకపోతే ఇక లేదని అర్థం. సంచి అలా కాదు. నొక్కితే ఇంకో పొట్లం పడుతుంది, మోకాలు వేసి జిప్పు లాగితే మరోటి. కందిపొడి, కరివేపాకు పొడి, సీసాకి బదులు రెండు కవర్లలో కట్టిన ఆవకాయ, ఇంటి చింతపండు, మాడుగుల నుంచి తెప్పించిన హల్వా. గోధుమ పాలతో చేసే ఆ హల్వా వయసు వందేళ్ళ పైమాటే, బరువు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఇక అనకాపల్లి బెల్లం. మార్కెట్లో కనిపించే దిమ్మ మొత్తం పెడితే నా చీరల అవసరం లేకుండా ప్రయాణం సరిపోతుంది కాబట్టి పగలగొట్టి ఒక చెక్క పెట్టింది.

"అత్తయ్యా, పదిహేను దాటితే డబ్బు కట్టాలి. కిలోకి వందల్లో ఉంటుంది."

"ఎందుకు కట్టాలమ్మా? టిక్కట్టు కొన్నాం కదా."

"టికెట్టు మనిషికి."

"మనిషిని తూస్తారేటి?"

"తూయరు."

"మరి ఆ పక్కింటి సూర్యారావు నీకు రెండింతలుంటాడు. ఆడికీ పదిహేనే, నీకూ పదిహేనేనా? ఆడి పొట్టకి డబ్బు అక్కర్లేదు గానీ గుంట కోసం చేసిన హల్వాకి కావాలా?"

ఈ ప్రశ్నకి విమానాల వాళ్ళ దగ్గర కూడా మంచి జవాబు లేదనే అనుకుంటున్నాను. పసిఫిక్ సముద్రంలో సమోవా ఎయిర్ అనే చిన్న సంస్థ 2013లో మనిషినీ సామాన్నీ కలిపి తూచి కిలోల లెక్కన టికెట్టు అమ్మింది. ప్రపంచమంతా చెవులు కొరుక్కుంది. ఫిన్లాండు వాళ్ళ ఫిన్‌ఎయిర్ 2024లో హెల్సింకిలో ఇష్టపడి ముందుకొచ్చిన ప్రయాణికుల్ని చేతిసంచులతో సహా తూచింది. అది చార్జీ కోసం కాదు, లెక్కకి. విమానానికి సూర్యారావు పొట్టా హల్వా పొట్లమూ ఒకటే బరువు. మనుషుల్ని నిలబెట్టి తూస్తే మర్యాదగా ఉండదని, ఒక్కొక్కరికీ ఇంత అని సగటు వేసుకుని, ఆ మొహమాటం లేని సంచుల మీద పడ్డారు. మా అత్తగారిది లెక్క ప్రకారం న్యాయమైన వాదన. ఆ మాట చెప్పాను, ఆవిడ సంతోషించి ఇంకో పొట్లం తెచ్చింది.

సంచి వద్దనదు. ఇది దాని గుణమో దోషమో నాకింకా తేలలేదు. వద్దనే పని కిరాణా కొట్టు కాటా మీద పడుతుంది. మేం సంచిని మోసుకెళ్ళి వీధి చివర కొట్లో తూయిస్తాం, కొట్టు అబ్బాయి "పదహారున్నర పిన్నీ" అంటాడు, అక్కడే నడిరోడ్డు మీద జిప్పు తీసి ఏది ఉంచాలో ఏది తియ్యాలో మీటింగు పెడతాం. ప్రతిసారీ బయటికొచ్చేవి నా చీరలే. బెంగళూరులో అమ్మాయి బట్టలు నాకు సరిపోతాయని మా అత్తగారి ధీమా.

విమానాశ్రయంలో చూడాల్సింది స్కానరు తెర. వరసలో నిలబడినప్పుడు ఒక్కోసారి పక్కనుంచి కనిపిస్తుంది. ఇనుమూ ఇత్తడీ నీలంగా, తిండీ బట్టా కాగితమూ లాంటివి నారింజ రంగులో, రెండూ కలిసినవి ఆకుపచ్చగా పడతాయి. బెల్లం చెక్క ఆ తెర మీద చిక్కటి నారింజ ముద్ద. చూసే మనిషికి అది బెల్లమని తెలియదు, నారింజ రంగు ముద్దలన్నీ తియ్యగా ఉండవని మాత్రం తెలుసు. కనుక సంచి పక్కకి వస్తుంది, తెరిచి చూపించమంటారు. అరల్లేని సంచిలో బెల్లం ఎక్కడుంది? అడుగున. డఫెల్ బ్యాగులో కావలసింది ఏదైనా అడుగునే ఉంటుంది, ఇది మారదు. కందిపొడి, చింతపండు, చెప్పులు చుట్టిన కవరు, అన్నీ బల్ల మీదికి వచ్చాక గానీ బెల్లం దర్శనమివ్వదు. ఒకసారి మీసాలున్న జవాను ఒకాయన వాసన చూసి, "అనకాపల్లిదా?" అన్నాడు. అతనిది ఏ రాష్ట్రమో గానీ ఆ ఊరిపేరు తెలుసు. మళ్ళీ సర్దుకోడానికి మాత్రం మా అత్తగారి మోకాలు అక్కడ లేదు.

ఏది వెళ్తుందో ఏది వెళ్ళదో అన్నదానికి ఒక తర్కముంది, కాస్త ఓపిక పడితే బోధపడుతుంది. పవర్ బ్యాంకు అడుగు సామానులో పెట్టకూడదు. బ్యాటరీ అంటుకుంటే పైన మనుషుల మధ్యయితే ఆర్పగలరు, కింద చీకట్లో ఎవరు చూస్తారు? ఆవకాయ దీనికి ఎదురు, నూనె కాబట్టి చేతిసంచిలో వద్దు, అడుగున వేసుకోవచ్చు. ఎండుకొబ్బరిని అడుగు సామానులో కూడా వెయ్యనివ్వరు. అందులో నూనె ఎక్కువ, వేడికి తనంతట తానే రాజుకునే జాతి వస్తువుల్లో దాన్ని రాసుకున్నారు. మా ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుళ్ళో కొట్టిన కొబ్బరిచిప్ప తడిగానే ఉంటుంది కదా అని ఒకావిడ కౌంటరు దగ్గర వాదించడం విన్నాను. గెలిచిందో లేదో తెలియదు, నా వరస ముందుకి జరిగిపోయింది.

కొబ్బరికాయ అంటే గుర్తొచ్చింది. డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖలో నల్లబట్టల స్వాములు కనిపిస్తారు, నెత్తిన ఇరుముడితో. దాన్ని మించిన సంచి నాకు తెలిసి ఎవరూ కుట్టలేదు. ఒకే గుడ్డలో రెండు ముళ్ళు. ముందు ముడి దేవుడిది, నెయ్యి నింపి మూసిన కొబ్బరికాయ, పూజాసామగ్రి అందులో. వెనక ముడి మనిషిది, దారిలో కావలసినవి అందులో. ఎవరి సామాను వాళ్ళకి, కలవదు, మొత్తం బరువు ఒక్క నెత్తి మీద. అది లేకుండా శబరిమలలో పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు. అలాంటి మూటని విమానం వాళ్ళు అడుగు సామానులో వెయ్యమంటే ఎలా ఉంటుంది? స్వామి దాన్ని కింద పెట్టడానికే ఇష్టపడడు, ఇక బెల్టు మీద పడేసి పంపుతాడా? కొబ్బరికాయ చేతి సామానులో కుదరదన్నది భద్రత వాళ్ళ నియమం. 2024 అక్టోబరులో విమానయాన శాఖ దిగొచ్చి, ఆ సీజనుకి, 2025 జనవరి 20 దాకా, ఇరుముడిని తనిఖీ చేసి క్యాబిన్‌లోకి తీసుకెళ్ళనిచ్చింది. సీటు పైనుండే అరలో ల్యాప్‌టాప్ సంచుల మధ్య ఇరుముడి కూర్చుంది. కొలతలు చూశారో లేదో గానీ, అది మెత్తటి మూట కాబట్టి ఎంత జాగా ఇస్తే అంతలో సర్దుకుని ఉంటుంది.

విశాఖ విమానాశ్రయం నిజానికి నేవీ వాళ్ళది. ఐఎన్‌ఎస్ డేగా స్థావరం రన్‌వే మీదే మన విమానాలూ దిగుతాయి. అందువల్ల అక్కడ కురచ జుట్టుతో, ఒకే సంచితో కూర్చున్న కుర్రాళ్ళు ఎక్కువ. మా వైపు పల్లెల్లో మిలట్రీకి వెళ్ళినవాళ్ళూ తక్కువేం కాదు. మా మేనమామ కిట్‌బ్యాగు చాలా కాలం వాళ్ళ దూలానికి వేలాడేది. ఆలివ్ రంగు కేన్వాసు, మూతి చుట్టూ లోహపు కన్నాలు, వాటన్నిటినీ దగ్గరికి లాగి దూర్చే కొండీ, దానికి తాళం. పక్కన తెల్ల పెయింటుతో నంబరు, నంబరు కింద పేరు. పేరు చిన్న అక్షరాల్లో ఉండేది. సెలవుకి వచ్చినప్పుడల్లా ఆ సంచిని గదిలో ఒక్కసారిగా బోర్లించేవాడు. క్యాంటీను సబ్బులు, రమ్ము సీసా చుట్టిన తువ్వాలు, మాకు బిస్కెట్లు. మడిచి పెట్టుకోవడం ఆయనకి వచ్చు, చాలా నీటుగా మడిచేవాడు, అయితే బ్యారక్‌లో ఉన్నంతసేపే. ఇంటికొచ్చాక బోర్లించడమే సెలవన్నట్టు ఉండేది.

ఇంకా వెనక్కి వెళ్తే రంగం. రంగూన్‌ని మా పెద్దవాళ్ళు అలాగే అనేవారు. విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమరెక్కి బర్మా రైసుమిల్లుల్లోకీ, రంగూన్ ఓడరేవు పనిలోకీ వెళ్ళిన తెలుగువాళ్ళు వేలకి వేలు. డెక్కు మీద ప్రయాణం, అక్కడ దిగాక ఒక్కో గదిలో పదిమంది. పెట్టె పెట్టుకునే జాగా ఎవరికుంటుంది? 1930 మేలో రంగూన్‌లో తెలుగు ఓడకూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, 1942లో లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చేశారు. అంత దూరం నడిచేవాడు మొయ్యగలిగిందే సామాను. మళ్ళీ 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ లాక్కున్నాక ఇంకో విడత ఓడల్లో తిరిగొచ్చింది. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్ళే దారిలో కంచరపాలెంలో బర్మా క్యాంపని ఇప్పటికీ అంటారు, వాళ్ళు దిగిన చోటే అది. ఆ దారినే నా ఎయిర్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వెళ్తున్నప్పుడు, మేకు కూడా లేని ఇళ్ళకి చేరిన మూటలు అవి అనిపిస్తుంది.

గల్ఫ్ వాళ్ళది మరో పద్ధతి. శంషాబాదు విమానాశ్రయంలో చూడాలి. దుబాయి, మస్కట్ నుంచి దిగినవాళ్ళ సామాను అట్టపెట్టె. నైలాను తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, పైన నల్ల మార్కరుతో పేరు, ఊరు, జిల్లా, ఫోను నంబరు, అన్ని పక్కలా రాసి ఉంటుంది. లోపల దుప్పటి, పాలపొడి, టార్చిలైటు, సెంటు సీసా. అట్టపెట్టెకి బరువు లేదు, ఇంటికి చేరాక దానితో పని లేదు. పొయ్యిలోకి పోతుంది. వెళ్ళేటప్పుడు మాత్రం అదే మనిషి చేతిలో ఉండేది ఒక్క డఫెల్ బ్యాగు, అది కూడా సగానికి. అక్కడ అతనికున్నది మంచం మీద మంచం వేసిన గదిలో పై మంచం. వచ్చేటప్పుడు అట్టపెట్టె నిండా ఇంటికి, పోయేటప్పుడు సంచిలో తనకి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, అతని జీతం ఎటు పోతుందో పాస్‌బుక్కు తెరవక్కర్లేదు.

అమెరికా వెళ్ళే పిల్లల దగ్గర సంచి ఉండదు. ఒక్కోటీ 23 కిలోల పెద్ద పెట్టెలు రెండు, అంచు దాకా. అక్కడ అద్దెకి తీసుకునే ఇంట్లో గోడలోనే అలమరా ఉంటుందట, పెట్టెలు అందులోకి పోతాయి. ఎంత డబ్బు కట్టినా ఒక్కో పెట్టె 32 కిలోలు దాటకూడదన్నది దాదాపు అంతటా ఉన్న నియమం. అది విమానం కోసం పెట్టింది కాదు, మోసేవాడి నడుము కోసం. నాకు నచ్చిన ఒకే ఒక్క విమాన నియమం అది. మన విమానాల కడుపులో మనిషి నిలబడేంత ఎత్తుండదు. లోడరు మోకాళ్ళ మీద కూర్చుని, బయటినుంచి వచ్చే ఒక్కో సామాన్నీ అందుకుని లోపలికి తోస్తాడు. గట్టి పెట్టెలు అడుగున పేరుస్తాడు, సందుల్లోకి మెత్తటి సంచులు కుక్కుతాడు. ఒకసారి కిటికీ లోంచి నా నీలం సంచి బెల్టు మీద ఎక్కడం చూశాను. పిడులు పట్టుకోలేదు, మధ్యలో పొట్ట దగ్గర రెండు చేతులతో ఎత్తాడు. ఎవరి మోకాలో పడి సర్దిన సంచి అని అతనికి తెలిసే ఉంటుంది.

సంచి దోషాలు లేనిదని నేననను. గాజు సీసా అందులో పెట్టకూడదు. అప్పడాలు పెట్టారా, అక్కడ దిగేది పొడి. కొత్త పట్టుచీర దాంట్లోంచి తీస్తే ఇస్త్రీవాడి దగ్గరికే పోవాలి. కౌంటరు దగ్గర, పట్టీ బెల్టులో ఇరుక్కుంటుంది లోపలికి తోసెయ్యండి అంటారు, వేలాడే తోక ముడుచుకుని అది ప్లాస్టిక్ తొట్టెలో కూర్చుని వెళ్తుంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు నేను కూడా పెట్టె పట్టుకెళ్తాను. పెళ్ళివారింట్లో ఎయిర్‌బ్యాగుతో దిగితే మర్యాద ఎంత దక్కుతుందో మా వీధిలో అందరికీ తెలుసు. మన దేశంలో 1971లో మొదలైన వీఐపీ వాళ్ళ సూట్‌కేసు ఒక తరం పాటు పెళ్ళి లాంఛనాల జాబితాలో ఉండేది. సంచిని ఎవరూ ఏ జాబితాలోనూ రాయలేదు.

ఇప్పుడు భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం కట్టారు. అక్కడి నేల ఇంకా నున్నగా ఉంటుంది, చక్రాలకి మంచిది. మాకు మాత్రం దారి పెరుగుతుంది. విశాఖ మొత్తం దాటుకుని విజయనగరం జిల్లాలోకి పోవాలి. ఆ లెక్క చెబితే మా అత్తగారు, "అయితే దారికి పులిహోర కూడా కట్టాల" అంది.

తిరుగు ప్రయాణంలో కథ తిరగబడుతుంది. బెంగళూరులో సంచి ఖాళీ అయిపోతుంది. ఖాళీ అయిందంటే డబ్బాలు ఖాళీ అయ్యాయని, డబ్బాలు వెనక్కి రావాలి కదా. స్టీలు డబ్బాలూ, ప్లాస్టిక్ డబ్బాలూ సర్దితే సంచి మళ్ళీ నిండుగా ఉబ్బి, కాటా మీద పెడితే ఆరేడు కిలోలకి మించదు. లోపల ఉన్నది చాలావరకూ గాలి. విమానం వాళ్ళు గాలికి డబ్బు అడగరు. అయితే ఖాళీ డబ్బా తిప్పి పంపడం మా ఇళ్ళల్లో లేదు. అమ్మాయి ఒక్కోదాంట్లో ఏదో ఒకటి పోసింది, ఒకదాంట్లో బాదంపప్పు, ఒకదాంట్లో మైసూరుపాకు, మరోదాంట్లో ఏమీ దొరక్క పిడికెడు పంచదార. ఇంటికొచ్చాక మా అత్తగారు నేల మీద కూర్చుని ఒక్కోటీ తీసి చూసుకుంది. మైసూరుపాకు రుచి చూసింది, నెయ్యి తక్కువంది. అంతా అయ్యాక సంచి బోర్లించి దులిపి, "అంతా బానే ఉంది గానీ, ఆవకాయ వేసిచ్చిన పెద్ద కవరేదీ? మంచి కవరది, ఏడాది నుంచీ వాడతన్నాను" అంది.